రద్దయిన సదస్సు, రాత్రికి రాత్రే మారే ధర: శాంటియాగో, విశాఖ, పెదవేగి

సారాంశం

దేశంలో అలజడి రేగి అంతర్జాతీయ ఆర్థిక సదస్సు రద్దయితే నష్టపోయేదెవరు? 2019లో చిలీలో రద్దయిన ఏపెక్ (ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక) సదస్సునూ, 2017లో నిరసన పిలుపు ఉన్నా ఆగకుండా జరిగిన విశాఖ భాగస్వామ్య సదస్సునూ పక్కపక్కన పెట్టి, పెదవేగి పామాయిల్ రైతు వైపు నుంచి ఈ ప్రశ్నను పరిశీలిస్తున్నాను. సదస్సు జరిగినా జరగకపోయినా, జనాగ్రహానికి జంకి ప్రభుత్వాలు అప్పటికప్పుడు తీసుకునే సుంకాల, ఎగుమతుల నిర్ణయాలే ఈ రైతు ధరను ఎక్కువగా కదిలిస్తున్నాయన్నది నా వాదన.

1. ముప్పై పెసోల దగ్గర మొదలై

చిలీ రాజధాని శాంటియాగోలో 2019 అక్టోబరు 6న రద్దీ వేళల మెట్రో టికెట్టు 800 పెసోల నుంచి 830కి పెరిగింది. విద్యార్థులు టికెట్టు కొనకుండా గేట్లు దూకడంతో మొదలైన నిరసన, 18వ తేదీకి స్టేషన్లు తగలబడేదాకా వెళ్లింది. అధ్యక్షుడు సెబాస్టియన్ పిన్యేరా అత్యవసర పరిస్థితి ప్రకటించి, మర్నాడే ఛార్జీల పెంపును ఆపేశాడు. అయినా జనం శాంతించలేదు. అప్పటికే వాళ్ల గోడు టికెట్టును దాటి పింఛన్లకూ, చదువుల ఖర్చుకూ, సైనిక నియంత పినోచెట్ కాలం నాటి రాజ్యాంగానికీ చేరింది. 25న ఒక్క రాజధానిలోనే పది లక్షల మందికి పైగా వీధుల్లోకి వచ్చారు. 30న పిన్యేరా రెండు సదస్సుల నిర్వహణ తమవల్ల కాదని ప్రకటించాడు: నవంబరు 16, 17 తేదీల ఏపెక్ నేతల సమావేశం, డిసెంబరులో జరగాల్సిన వాతావరణ సదస్సు కాప్‌25. 1993 నుంచి ఏటా సాగుతున్న ఏపెక్ నేతల సమావేశం రద్దు కావడం అదే మొదటిసారి.

రద్దు తర్వాత జరిగినది మరింత గమనించదగ్గది. కాప్‌25 మాడ్రిడ్‌కు మారి అనుకున్న తేదీకే మొదలైంది. ట్రంప్, షీ జిన్‌పింగ్ శాంటియాగోలో సంతకం చేస్తారని అందరూ ఎదురుచూసిన తొలిదశ వాణిజ్య ఒప్పందంపై 2020 జనవరి 15న వైట్‌హౌస్‌లో ట్రంప్, చైనా ఉప ప్రధాని లియూ హ సంతకాలు చేశారు. 2017 స్థాయి మీద రెండేళ్లలో అదనంగా 20 వేల కోట్ల డాలర్ల కొనుగోళ్లు చేస్తానని చైనా ఒప్పుకుంది. ఆ జాబితాలో సోయాబీన్ ఉంది. సోయానూనె, పామాయిల్ ధరలు ఒకదాన్నొకటి లాగుతాయి. పెద్ద దేశాలు రెండూ తమ బేరానికి ఇంకో చోటు వెతుక్కున్నాయి. పోయిందల్లా, 21 సభ్య ఆర్థిక వ్యవస్థల్లో చిన్నవాటికి పెద్దల ఎదుట కూర్చునే అవకాశం. పామాయిల్ పండించే ఇండోనేషియా, మలేషియా అందులో సభ్యులే. ఆ నూనెను విరివిగా దిగుమతి చేసుకునే భారత్ మాత్రం సభ్యురాలు కాదు. అంటే శాంటియాగో సదస్సు సజావుగా జరిగినా పెదవేగి రైతు తరఫున మాట్లాడేవారు అక్కడ లేరు.

2. తెలుగునాట సదస్సులు ఎందుకు ఆగలేదు?

2017 జనవరి 27, 28 తేదీల్లో విశాఖపట్నంలో సీఐఐ భాగస్వామ్య సదస్సు జరిగింది. ముందురోజు గణతంత్ర దినం. చెన్నై మెరీనాలో జల్లికట్టు కోసం సాగిన ఆందోళన స్ఫూర్తితో, ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోరుతూ ఆర్‌కే బీచ్‌లో మౌన నిరసనకు యువకులు సామాజిక మాధ్యమాల్లో పిలుపునిచ్చారు. పోలీసులు అనుమతి నిరాకరించి బీచ్‌ను దిగ్బంధించారు. ప్రతిపక్ష నేత జగన్మోహన్ రెడ్డిని విమానాశ్రయంలోనే ఆపి వెనక్కి పంపారు. మర్నాడు సదస్సు మొదలైంది. 10 లక్షల కోట్ల రూపాయలకు పైగా విలువైన అవగాహన ఒప్పందాలు కుదిరాయని ప్రభుత్వం ప్రకటించింది.

హైదరాబాద్ 2012లో ఇంకో దారి పట్టింది. సెప్టెంబరు 30న నెక్లెస్ రోడ్డుపై ప్రత్యేక తెలంగాణ కోసం తలపెట్టిన సాగరహారం ప్రదర్శనకు ప్రభుత్వం షరతులతో అనుమతించింది. బాష్పవాయువు, జోరువాన మధ్య ఆ రాత్రి గడిచింది. మర్నాడే హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సమావేశాలు మొదలై అక్టోబరు 19 వరకు సాగాయి. గువాహటిలో మాత్రం 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టంపై ఆందోళనల వల్ల మోదీ, షింజో అబే భేటీ వాయిదా పడింది.

వీటిని కలిపి చూస్తే సదస్సు భవితవ్యాన్ని ఆందోళన పరిమాణం ఒక్కటే నిర్ణయించదని తెలుస్తుంది. ముందస్తు నిర్బంధం విశాఖలో, బేరసారం హైదరాబాద్‌లో పనిచేశాయి. శాంటియాగోలో ఆ రెంటికీ సమయం మించిపోయింది. అయితే విశాఖలో సదస్సు జరిగినంత మాత్రాన హోదా సమస్య తీరలేదు. శాంటియాగోలో సదస్సు పోయినంత మాత్రాన చిలీ ప్రజలకు దారి మూసుకుపోలేదు. నవంబరు 15న అక్కడి పార్టీలు రాజ్యాంగంపై ప్రజాభిప్రాయ సేకరణకు ఒప్పుకున్నాయి.

3. పెదవేగి గెల

ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగి, శాలంకాయనుల రాజధాని. ఇప్పుడు చుట్టూ మెరక భూముల్లో పామాయిల్ తోటలు. జాతీయ స్థాయి ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఎకరానికి 57 మొక్కలు వేస్తే నాలుగో ఏటికి కాపు అందుకుంటుంది. తోట పాతికేళ్ల పైన నిలుస్తుంది. చెట్టు కింద పండ్లు రాలడం కనిపిస్తే గెల పక్వానికొచ్చినట్టు. పొడవాటి గెడకు కట్టిన కొడవలితో ముందు మట్ట, తర్వాత గెల కోసి, రాలిన పండ్లు ఏరి బస్తాకెత్తుతారు. 24 గంటల్లో గెల ఫ్యాక్టరీకి చేరకపోతే ఆమ్లం పెరిగి నూనె నాణ్యత చెడుతుంది. ధాన్యం రైతులా మంచి ధర కోసం సరుకును నిల్వ పెట్టుకునే వీలు ఇతనికి లేదు. ఏ రోజు కోస్తే ఆ నెల ధరే.

ఆ ధర ముడి పామాయిల్ మార్కెట్టునూ, గెల నుంచి దిగే నూనె శాతాన్నీ, అంటే రైతుల నోట ఓఈఆర్‌నూ పట్టి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో వంటనూనె కొరత, ధరలపై జకార్తాలో విద్యార్థులు వీధికెక్కారు. ఆ నెల 28 నుంచి ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు నిషేధించింది. గెలల ధర కూలి అక్కడి రైతులే ఆందోళనకు దిగాక, మే 23న ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఆ ఏడాది జీ20 అధ్యక్ష స్థానంలో ఉన్నది అదే దేశం; ఆ పీఠమూ ఈ నిర్ణయాన్ని ఆపలేదు. ఇక్కడ ఆ వేసవిలో టన్ను గెలలు 20 వేల రూపాయలు దాటాయి, మరుసటేడు 15 వేల లోపుకు దిగాయి.

మన ప్రభుత్వ తీరూ ఇంతే. వినియోగదారుల అసంతృప్తికి భయపడి 2022 ఫిబ్రవరిలో ముడి పామాయిల్‌పై మొత్తం సుంకాన్ని 5.5 శాతానికి తగ్గించింది. సోయాబీన్ ధర పడి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర రైతులు రోడ్డెక్కిన 2024 సెప్టెంబరులో 27.5 శాతానికి పెంచింది. వాళ్ల పోరుతో పెదవేగి గెలకూ ధర లేచింది. 2025 మే 30న సుంకం మళ్లీ 16.5 శాతానికి దిగింది.

4. ముగింపు

కాబట్టి ఈ రైతుకు ధీమా దొరకాల్సింది ఇంట్లోనే. 2021లో 11,040 కోట్ల రూపాయలతో వచ్చిన జాతీయ వంటనూనెల మిషన్ లాభసాటి ధర సూత్రాన్ని తెచ్చింది. ఐదేళ్ల సగటు ముడినూనె ధరను టోకు ధరల సూచీతో సవరించి, అందులో 14.3 శాతాన్ని గెల ధరగా లెక్కిస్తారు. సుంకం తగ్గించే ప్రతి ఉత్తర్వుతోపాటే ఈ ధరకూ మార్కెట్టు ధరకూ ఉన్న తేడా రైతు ఖాతాలో పడే ఏర్పాటు ఉండాలి. ఓఈఆర్ లెక్కగట్టేచోట రైతు ప్రతినిధి కూర్చోవాలి. పాతికేళ్ల తోటకు పెట్టుబడి పెట్టిన మనిషిపై ఒక్కరోజు ఉత్తర్వు మోపే భారాన్ని, ఆ ఉత్తర్వు ఇచ్చినవారే పంచుకోవాలి. అంతర్జాతీయ సదస్సుల జయాపజయాలను కొలిచే పరిశోధనలు వేదిక మీది సంతకాల దగ్గరే ఆగకుండా, ఈ భారం ఎవరి మీద పడుతోందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.