గోదావరి అనే ఆబోతు వెళ్లిన దారిలో

బ్రెజిల్ పశువుల వంశావళి పుస్తకాల్లో గోదావరి పేరుంది. దాని పక్కనే కరవది, చేకూరపాడు, ఆకాశము. అవన్నీ 1960ల మొదట్లో ఓడెక్కి అట్లాంటిక్ దాటిన ఒంగోలు ఆబోతుల పేర్లు. ఇవాళ అక్కడ నెలోర్ జాతి ఆవును అమ్మేవాళ్లు దాని పూర్వీకుల్లో వీటిలో ఏది ఉందో ముందుగా చెబుతారు. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ జాతికి అక్కడ ఆ పేరు స్థిరపడింది.

రాజమహేంద్రవరం నుంచి విదేశీ యాత్ర అంటే సింగపూర్, దుబాయ్, బాలి అనుకునే రోజులివి. దక్షిణ అమెరికా దాకా వెళ్లే కొద్దిమంది కూడా రియోలో క్రీస్తు విగ్రహం, ఇగువాసు జలపాతం చూసుకుని తిరిగొస్తారు. పశువుల పెంపకం, అడవి, ఆట మూడూ కలిసొచ్చేలా సొంతంగా ఒక యాత్ర కూర్చుకోదలచిన తెలుగువాళ్లకు ఇంతకంటే మంచి దారి ఉంది. అది మన గిత్త నడిచిన దారి.

ఆ కథ 1868లో మొదలైందంటారు. ఇంగ్లండు వెళుతున్న ఓడ ఒకటి బ్రెజిల్ తీరంలోని సాల్వడోర్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జంట అక్కడే అమ్ముడుపోయింది. పదేళ్ల తరవాత మనోయెల్ లెంగ్రూబర్ అనే రైతు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి మరో జంటను కొని తెప్పించుకున్నాడు. ఎండకు తాళలేక, పిడుదు పురుగులకు తట్టుకోలేక ఐరోపా పశువులు నీరసించిపోయే నేల బ్రెజిల్. తెల్లటి వెంట్రుకల కింద నల్లటి చర్మం, వదులుగా వేలాడే గంగడోలు, మోటు గడ్డినైనా అరిగించుకునే కడుపు ఉన్న ఈ పశువు అక్కడ ఇట్టే నిలదొక్కుకుంది. దాంతో మీనాస్ జెరాయిస్ రాష్ట్రంలోని ఉబెరాబా పట్టణం నుంచి వ్యాపారులు నేరుగా ఇండియాకే రాసాగారు.

1920లో పెద్ద ఆటంకం వచ్చిపడింది. ఇండియా నుంచి బ్రెజిల్‌కు పోతూ బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగిన పశువుల ద్వారా అక్కడి మందలకు ముసర వ్యాధి సోకింది. ఐరోపా అంతా హడలెత్తింది. పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 1924లో పుట్టడానికి కారణం ఆ వ్యాధే. 1921లో బ్రెజిల్‌లోనూ ముసర కనిపించడంతో ఆ దేశం దిగుమతులు ఆపేసింది. ఆ తరవాత 1930లో కొన్ని, 1960, 62లలో మరికొన్ని పశువులు వెళ్లాయి. ఈ చివరి విడతే కీలకం. కరవది ఆబోతును కొనిపించుకున్న టోరెస్ హోమెమ్ రోడ్రిగెస్ ద కూన్యా పేరు అక్కడి పశుపాలకులకు చిరపరిచితం. ముసర భయం ఇంకా పోలేదు కనుక ఆ పశువులను ఫెర్నాండో ద నొరోన్యా అనే దీవిలో దించి, జబ్బు లేదని తేలాకే ప్రధాన భూమి మీదికి తెచ్చారు.

యాత్రను ఆ దీవి నుంచే మొదలుపెట్టాలి. ఒకప్పుడు ఖైదీలను ఉంచిన నొరోన్యా ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం, సముద్ర జాతీయ పార్కు. మన కోడెలు గడియలు లెక్కపెట్టిన ఆ ఒడ్డున ఇప్పుడు డైవింగు, సర్ఫింగు సాగుతున్నాయి. డాల్ఫిన్లు గుంపులుగా ఎగురుతూ కనిపిస్తాయి.

అక్కడి నుంచి ఉబెరాబా. జెబూ అనే మూపురపు పశువుల పెంపకందారుల సంఘం కేంద్రం, మ్యూజియం ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఏటా ఏప్రిల్ చివర మొదలై మే నెలలోకి సాగే ఎక్స్‌పోజెబూ ప్రదర్శన ఈ ఊరికి పెద్ద పండుగ. 1938లో తెరిచిన నెలోర్ వంశావళి పుస్తకం వల్లే తల్లి, తండ్రి, బరువు, ఈతల లెక్క తరాల తరబడి నిలిచాయి. వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా 2023 వేలంలో దాదాపు 70 లక్షల రియాళ్లు పలికింది. ఆ ధర వెనక ఉన్నది ఆ లెక్కే. ఒంగోలు పశువును కన్న మన నేల మీద అంత ఓపికగా లెక్క రాసి ఉంటే ట్రాక్టరు వచ్చాక కూడా దానికి గిరాకీ నిలిచేది.

పాంటనాల్‌కు మాత్రం ఎక్కువ రోజులు ఉంచుకోవాలి. ప్రపంచంలోకెల్లా పెద్ద ఉష్ణమండల చిత్తడి నేల అది. వానాకాలంలో మన లంకల్లాగే నీళ్లు కమ్మేస్తాయి, తీశాక పచ్చిక మొలుస్తుంది. నేలలో చాలా భాగం ప్రైవేటు పశు క్షేత్రాలదే. నీళ్లు పెరిగినప్పుడు తెల్లటి నెలోర్ మందలను గుర్రాల మీద తోలుకుంటూ మెరక ప్రాంతాలకు చేరుస్తారు. ముందు నడిచే కాపరి కొమ్ముబూర ఊదితే మంద కదులుతుంది. నీడన ఆగినప్పుడు తెరెరే అనే చల్లటి ఆకు పానీయం ఒకే కొమ్ముపాత్రలో అందరి చేతులూ తిరుగుతుంది. అతిథులను ఇళ్లలో పెట్టుకుని ఈ పనంతా చూపించే క్షేత్రాలు చాలానే ఉన్నాయి. మిరాండా దగ్గరి కయిమాన్ క్షేత్రం విస్తీర్ణం లక్షా ముప్పై వేల ఎకరాలు. మాజీ కారు రేసర్ మారియో హాబెర్‌ఫెల్డ్ జాగ్వార్ల రక్షణకు 2011లో ఆన్సాఫారి సంస్థను మొదలుపెట్టింది అక్కడే.

పశువుకూ అడవికీ అక్కడ వింత చుట్టరికం ఒకటుంది. మీటరు పొడవుండే నీలి మకావ్ చిలుకకు అకురీ తాటిగింజ ఇష్టం. పైన గుజ్జును ఆవులు తిని గింజను వదిలేస్తాయి. శుభ్రమైన ఆ గింజను చిలుక పేడలోంచి ఏరుకుని ముక్కుతో పగలగొట్టుకుంటుంది. జాగ్వార్‌తో సంబంధం ఇంత సాఫీగా లేదు. దూడను చంపిందని దాన్ని కాల్చేవారు. ఇప్పుడు పాంటనాల్‌లోని పోర్టో జోఫ్రే వైపు దాన్ని చూడటానికి వచ్చేవాళ్ల డబ్బు పశు నష్టం కంటే ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధకులు లెక్కతేల్చారు.

ఆట కోసం ఆగస్టులో సావో పాలో రాష్ట్రంలోని బారెటోస్ వెళ్లాలి. 1956 నుంచి జరుగుతున్న రోడియో అది. ఎగిరి దూకే ఆబోతు మీద ఒంటి చేత్తో ఎనిమిది సెకన్లు నిలవాలి. మన బండలాగుడు పోటీలో కొలిచేది కాడి కింది జత బలాన్ని, ఎన్ని అడుగులు లాగిందన్న లెక్కను. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలుంటాయి. పశువు శక్తిని గౌరవించడంలో మన పద్ధతిదే పైచేయి. అదిలింపు కర్రల విషయంలో మాత్రం రెండు చోట్లా సరిదిద్దుకోవలసింది చాలా ఉంది.

బ్రెజిల్‌లో మన పశువు సాధించిన విజయానికి అడవి చెల్లించిన మూల్యాన్ని కూడా యాత్రికుడు చూసి రావాలి. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి, వాటిలో అత్యధికం నెలోర్, దాని సంకరాలు. అమెజాన్‌లో నరికిన అడవిలో పెద్ద భాగం పచ్చికబయలుగా మారింది. 2020 మంటల్లో పాంటనాల్‌లో మూడో వంతు దాకా కాలిపోయింది. అందుకే అడవిని ఉంచి పశువును పెంచే క్షేత్రాలనే ఎంచుకుని డబ్బు ఖర్చుపెట్టాలి.

మధురపూడి నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి దోహా లేదా దుబాయ్ మీదుగా సావో పాలో చేరవచ్చు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ టీకా పత్రం లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. ఉబెరాబా ప్రదర్శన, బారెటోస్ రోడియో ఒకే యాత్రలో ఇమడవు. జాగ్వార్ బాగా కనబడేది జూన్ నుంచి అక్టోబరు దాకా సాగే వానల్లేని కాలంలో గనుక ఆగస్టు యాత్రే మేలు. బయలుదేరే ముందు గుంటూరు లాం ఫారంలోనో, ప్రకాశం జిల్లా చదలవాడలోనో ఆగి ఒంగోలు మందను దగ్గరగా చూసుకుంటే, పాంటనాల్‌లో ఎదురయ్యే పశువులో మనదేదో, వాళ్లు మార్చిందేదో పోల్చుకోవడం సులువవుతుంది.