నమాజు చదవని సాయిబు

మా నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల కాపు కొనే సాయిబులు చాలామందే. మా మామూదీ అదే పని. పూత మీదే తోట బేరం చేసేవాడు. రసాలు, బంగినపల్లి కోయించి నున్న మార్కెట్‌కు తోలేవాడు. నమాజు చదివేవాడు కాదు, రోజా ఉండేవాడు కాదు. ‘అల్లా సంగతి నాకు తెలీదు, అప్పు మాత్రం ఉంది’ అనేవాడు. మనవాళ్లు ఆయన్ని కాఫిరన్నారు. 1992 డిసెంబరు 6 తర్వాత ఆయన్ని చూడగానే టీ కొట్టు దగ్గర మాట ఆపేసినవాళ్లు మాత్రం ఆయన నమాజు చదువుతాడా లేదా అని అడగలేదు. వాళ్లకు పేరు చాలింది.

నమ్మకం పోయాక మనిషికి ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నను మనకంటే చాలా ముందు ఎదుర్కొన్నవాళ్లు యూదులు. వాళ్లు మనకు మరీ దూరపువాళ్లేం కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుని, 1990లలో సినగాగు పెట్టుకున్నాయి. వీళ్లు నమ్మకంలోకి నడిచారు. ఐరోపాలో ఎంతోమంది అందులోంచి బయటికి నడిచారు.

1656లో ఆంస్టర్‌డాం యూదు పెద్దలు 23 ఏళ్ల స్పినోజాను వెలివేశారు. అతను వేరే మతంలో చేరలేదు. కళ్లద్దాల గాజులు అరగదీసి బతికాడు. 1791లో ఫ్రాన్సు యూదులకు పౌరహక్కులిచ్చింది. గెట్టో గోడలు కూలుతున్న కొద్దీ బడి, పత్రిక, కార్మికసంఘం సినగాగుతో పోటీకొచ్చాయి. కవి హైనే 1825లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. అయినా లోకం అతన్ని యూదుగానే చూసింది. 1935లో హిట్లర్ చట్టాలు మనిషి ఏం నమ్ముతున్నాడని అడగలేదు, తాతలెవరని అడిగాయి. నాస్తికుడూ, ఛాందసుడూ ఒకే రైలెక్కారు.

అయితే వాళ్లలో ఇంకో దారి కూడా పుట్టింది. 1897లో విల్నాలో యూదు కార్మికుల సంఘం ‘బుంద్’ మొదలైంది. దేవుడితో పనిలేదు, కానీ మా యిద్దిష్ భాష మాది, మా జనం మావాళ్లు అన్నారు. అంటే దేవుణ్ణి వదిలినవాళ్లు తమ జనాన్ని వదల్లేదు. 2020లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో యూదు పెద్దల్లో 27 శాతం మాకు మతం లేదు, అయినా మేం యూదులమే అన్నారు.

ఈ కథలో చీకటి కూడా ఉంది. అదే 1897లో బాజెల్‌లో జియోనిస్టు మహాసభ నడిపిన హెర్జల్ కూడా ఛాందసుడు కాదు. 1948లో పాలస్తీనా జనం ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. మతం వదిలినంత మాత్రాన న్యాయం దానంతటదే రాదు.

ఇప్పుడు మన కృష్ణా తీరానికి వద్దాం. గోరా బ్రాహ్మణ ఇంట పుట్టి నాస్తికుడై, 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది బెజవాడకు మారింది. పిల్లలకు లవణం, విజయం, సమరం అని పేర్లు పెట్టాడు. ఆ పేర్లలో కులం లేదు, మతం లేదు. 1972లో ఆ కేంద్రం గోమాంసం, పందిమాంసం కలిసి తినే కార్యక్రమం జరిపింది. నాకు గోరా అంటే గౌరవం. కానీ ఒక్కటి అడుగుతాను. అక్కడ గోమాంసం తిన్న హిందువు అభ్యుదయవాది అయ్యాడు. పందిమాంసం తిన్న సాయిబు ఏమయ్యాడు? ఇంటికెళ్లి ఆ మాట చెప్పుకోగలిగాడా? మర్నాడు అద్దెకు ఇల్లడిగితే ‘సాయిబులకివ్వం’ అనకుండా ఉన్నారా?

చట్టం కూడా అంతే. 1955 హిందూ వివాహ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివాళ్లను దాదాపు అందర్నీ తన కిందికే తెచ్చుకుంటుంది. హిందువుల ఇంట నాస్తికుడు చట్టానికి హిందువే. మనింట పుట్టి నమ్మకం వదిలినవాడు ఎక్కడ నిలబడాలి? 2024లో కేరళకు చెందిన ఒక స్త్రీ ఇదే అడిగింది. ముస్లిం కుటుంబంలో పుట్టాను, నమ్మకం లేదు, వారసత్వానికి షరియత్ కాక మామూలు చట్టం వర్తించాలంటూ సుప్రీంకోర్టు గడప తొక్కింది.

మన దూదేకుల అన్నదమ్ముల్ని అడగండి. నాగుల్ మీరా అని పేరు పెట్టుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడితే ‘మీరేం ముసల్మానులు’ అన్నది మనమే కదా? బయటివాడు పేరు చూసి కొడుతున్నాడు. లోపలివాడు నమాజు చూసి లెక్క తీసేస్తున్నాడు. ఈ రెంటి మధ్యా నలిగేవాడు ఒకడే.

నమాజు చదివేవాళ్లను నేను తప్పు పట్టను. మా అమ్మ ఐదు పూటలా చదివేది. చదవనివాడికి కూడా మన గల్లీలో చోటుండాలన్నదే నా మాట. మామూ పోయినప్పుడు జనాజా నమాజు చదవాలా వద్దా అని మసీదు ముందు గంటసేపు వాదించుకున్నారు. చివరికి పాడె ఎత్తినవాళ్లలో తోటలో కాయ కోసే మాలపల్లి కుర్రాళ్లు కూడా ఉన్నారు. ఖబరస్తాన్‌లో ఓ మూల చోటిచ్చారు. బతికుండగా ఆ మూలైనా ఇచ్చి ఉంటే బాగుండేది.