కొలతకూ కూలికీ మధ్య మేట్: టేక్మాల్ ఉపాధి పనుల్లో బలాబలాల లెక్క

మెదక్ జిల్లా టేక్మాల్ మండలం చెరువులూ చెలకలూ ఉన్న ప్రాంతం. అలాంటి చోట ఎండాకాలం ఉపాధి హామీ పని అంటే పూడిక తీత, కందకాలు, పొలం గట్లు. ఊళ్లలో దీన్ని ఇప్పటికీ ‘కరువు పని’ అనే పిలుస్తారు. 2006 ఫిబ్రవరిలో పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో అప్పటి ఉమ్మడి మెదక్ కూడా ఉంది. నాయకత్వంపై మన పరిశోధనలు ఎక్కువగా కంపెనీల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరుగుతాయి. ఈ పనుల్లో కూలీల గుంపును నడిపే మేట్ వాటిలో అరుదుగా కనిపిస్తాడు, కనిపిస్తుంది. ఒకరి బలం ఒకరికి లేని మనుషులతో రోజూ పని చేయించేది మాత్రం ఆ మేటే.

ఈ పనికి కూలి గంటలను బట్టి రాదు, మట్టిని బట్టి వస్తుంది. గుంపు తవ్వినదాన్ని టెక్నికల్ అసిస్టెంట్ కొలుస్తారు. ఘనపు మీటరుకు రేటు కట్టి, వచ్చిన మొత్తాన్ని హాజరు ప్రకారం పంచుతారు. గడ్డపార వేసినవారికీ తట్ట మోసినవారికీ సమానమే. న్యాయంగానే ఉంది. చిక్కు కూడా అక్కడే ఉంది: ముసలామె తోడుంటే తమ కూలి తగ్గుతుందని వయసులో ఉన్నవాళ్లు లెక్క వేసుకుంటారు. ఆమెను గుంపులో ఉంచుకోవడం మేట్ నేర్పు మీద ఆధారపడుతుంది. మొరం తగిలిన చోట ఎవరు దిగాలి, తట్టలు ఎవరు నింపాలి, దగ్గరి దూరం ఎవరు మోయాలి అన్నది సరిగా కుదిరితే గుంపు మొత్తం కొలత పెరుగుతుంది.

ఈ బలాబలాల చిక్కుకు వేరే జవాబూ ఉంది. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911 నాటి తన పుస్తకంలో ఒక ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే కూలీల గురించి రాశాడు. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసేచోట నలభై ఏడున్నర టన్నులు మోయించాడు. అంత మోయగలవాడు ఎనిమిది మందిలో ఒకడేనని ఆయనే ఒప్పుకున్నాడు. బలమైనవాణ్ని ఏరుకుని మిగతావాళ్లను వేరే పనికి పంపే వీలు ఆ కర్మాగారానికి ఉంది. ఉపాధి పనిలో ఆ మిగతా ఏడుగురికీ చట్టబద్ధమైన హక్కుంది. అందుకే టేలర్ పాఠం ఇక్కడ పనికిరాదని నా అభిప్రాయం.

అందరి బలం ఒకటి కాదన్న సంగతిని ఉపాధి హామీ చట్టం కొంతవరకు గుర్తించింది. ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి పనిచోటుకు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలి. పార పట్టకుండానే పని చేసినట్టు లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో శ్రమశక్తి సంఘాలను ఏర్పాటు చేసి గుంపులను స్థిరపరిచారు. వికలాంగులకు వేరే సంఘాలు పెట్టి, 30 శాతం మేర వెసులుబాటు ఇచ్చారు. నాకు ఇవే అన్నిటికన్నా విలువైన ఏర్పాట్లుగా తోస్తాయి. తేడాను గౌరవించడం మేట్ మంచితనానికి వదిలేస్తే, మేట్ మారిన రోజే అది పోతుంది. రేటులోనే ఉంటే నిలుస్తుంది.

ఈ దారి సగంలోనే ఆగింది. మెత్తటి నేలకు ఒక రేటు, గట్టి నేలకు ఒక రేటు ఉన్నాయి. మట్టిని ఎంత దూరం, ఎంత ఎత్తు మోశారన్నదానికీ లెక్క ఉంది. ఎండ తీవ్రతను బట్టి ఏళ్లపాటు ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం అదనంగా కలిపారు. నేలలో తేడానూ ఎండలో తేడానూ ఇంత జాగ్రత్తగా చూసిన వ్యవస్థ అరవై దాటిన ఒంటికి, బాలింతకు ఆచరణలో మాత్రం మామూలు కొలతే పెట్టింది.

2023 జనవరి నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా పనిచోట్లన్నిటా హాజరు యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు. ఎవరు వచ్చారో ఫొటో చెబుతుంది. మొరంలో ఎవరు దిగారో, ఎవరికి తేలిక పని ఇచ్చి ఎలా నిలుపుకున్నారో చెప్పదు. హాజరు తీసుకునే మేట్‌కే పని పంపకాన్నీ నమోదు చేసే వీలు కల్పించి, వయసు మీరినవారికీ బాలింతలకూ వికలాంగుల తరహా వెసులుబాటును కొలత పుస్తకంలోకి ఎక్కిస్తే, బలహీనులు గుంపుకు భారమన్న లెక్కకు ఆధారమే ఉండదు.