చిప్‌ని పేరడిగితే

లినక్స్‌లో ‘సెన్సర్స్-డిటెక్ట్’ నడిపితే అడుగడుగునా ‘వెతకమంటారా?’ అని అడుగుతుంది. చాలాకాలం చదవకుండానే ఎంటర్ కొట్టేసేవాణ్ణి. ఆ ప్రశ్నల వెనక కొంత కథ ఉందని తర్వాత తెలిసింది.

ఎల్ఎమ్-సెన్సర్స్ పని 1998లో మొదలైంది. మదర్‌బోర్డు వేడి, ఫ్యాన్ల వేగం కొలిచే చిప్‌లని చదవడం దాని ఉద్దేశం. ఏ చిరునామాలో ఏ చిప్ ఉందో ముందే తెలీదు కాబట్టి ప్రతి తలుపూ తట్టి చూడాల్సిందే. అలా తట్టినప్పుడు కొన్ని ఐబీఎమ్ థింక్‌ప్యాడ్‌లలో అట్మెల్ 24ఆర్ఎఫ్08 అనే చిన్న మెమరీ చిప్‌లో సమాచారం చెడిపోయింది. లాప్‌టాప్‌లు మళ్ళీ బూట్ కాలేదు. అందులో ఏదైనా రాయాలని ఎవరూ అనుకోలేదు, ఉన్నావా అని అడిగారంతే! ఆ తర్వాత, ఐబీఎమ్ మెషీన్ అని తెలిస్తే లోడ్ కానని మొరాయించేలా ఒక డ్రైవర్‌ని మార్చారు.

2004లో మార్క్ హాఫ్‌మన్ ‘ఐ2సీ-స్టబ్’ రాశాడు. అదొక ఉత్తుత్తి చిప్. ఎక్కడో ఉన్న మనిషి తన చిప్ రిజిస్టర్ విలువలు పంపిస్తే, వాటిని ఇందులో నింపి, చేతిలో లేని చిప్ మీద డ్రైవర్‌ని పరీక్షించొచ్చు. తప్పు జరిగినా అసలు చిప్‌కేమీ కాదు. మొన్న నేనూ ఎల్ఎమ్75 డ్రైవర్‌తో ప్రయత్నించాను. 25000 అని వచ్చింది. డిగ్రీలో వెయ్యోవంతుల లెక్కన 25 డిగ్రీలు, సరిగ్గా నేను నింపిందే.

ఇప్పుడు సెన్సర్స్-డిటెక్ట్ అడిగే ప్రతి ప్రశ్నా చదివాకే ఎంటర్ కొడుతున్నాను.