తానా నదిపై తెడ్డు పట్టినవారు

ఉత్తర ధ్రువ వలయానికి అవతల, నార్వే–ఫిన్లాండ్ సరిహద్దు వెంట పారే తానా నది అట్లాంటిక్ సాల్మన్ చేపకు ప్రపంచంలోని పెద్ద నెలవుల్లో ఒకటి. ఫిన్లాండ్ వారికి అది తేనో. దాని ఒడ్డున తరతరాలుగా బతుకుతున్న సామీ ప్రజలకు దెయత్నూ. గోదావరికి పులస ఎదురీదినట్టే, సముద్రంలో బలిసిన సాల్మన్ గుడ్లు పెట్టడానికి వేసవిలో ఈ నదిలోకి ఎగబాకుతుంది. మంచు కరిగి నది కదిలిన కొద్ది రోజులకే పెద్ద చేపలు వస్తాయి. చిన్నవి జులైలో వస్తాయి. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు అస్తమించడు కాబట్టి వేటకు రాత్రీ పగలూ తేడా ఉండేది కాదు.

సామీలకు సాల్మన్ మొదటి నుంచీ తిండి, బతుకుదెరువు. నీటికి అడ్డంగా కట్టు కట్టి దానికి వల బిగించడం, పడవ నుంచి వల వదిలి ప్రవాహంతో పాటు జారడం వారి పాత పద్ధతులు. 1751లో డెన్మార్క్–నార్వే, స్వీడన్ రాజ్యాలు సరిహద్దు గీసుకున్నప్పుడు నదే గీత అయింది. ఒకే బంధువర్గం రెండు రాజ్యాల కిందికి చీలింది. రెయిన్‌డీర్ మందలతో సరిహద్దు దాటే సామీల హక్కును ఆ ఒప్పందానికి చేర్చిన అనుబంధం గుర్తించింది. 1888లో నార్వే చట్టం తానా లోయ నివాసుల వేట హక్కును ఒప్పుకుంది. తర్వాత ఆ హక్కు గడ్డి పండించే రైతు కుటుంబాలతో ముడిపడింది.

గాలపు కర్రతో, సరదా కోసం చేసే వేట నార్వేకు బయటి నుంచి వచ్చింది. స్కాట్లాండ్ నదులు భూస్వాముల గుప్పిట్లో ఉండి అద్దెలు పెరగడంతో, 1830ల నుంచి బ్రిటిష్ సంపన్నులు నార్వే దారి పట్టారు. మొదట నామ్సెన్ వంటి మధ్య నార్వే నదులకు వెళ్లారు. 1848లో ఫ్రెడరిక్ టోల్‌ఫ్రే కూర్చిన సాల్మన్ వేటగాళ్ల మార్గదర్శి లండన్‌లో వెలువడింది. ఆ శతాబ్ది రెండో సగానికి ఉత్తర కొసన ఉన్న ఆల్టా నది దాకా రాక్స్‌బరో డ్యూకు లాంటివారు చేరారు. స్థానికులు వీరిని సాల్మన్ ప్రభువులు అనేవారు. కర్ర, రీలు, ఈకలతో కట్టిన ఎర అన్నీ వారు వెంట తెచ్చుకున్నవే. నది గురించి తెలిసింది మాత్రం ఒడ్డున ఉన్న రైతుకు. ఆ రైతునే కూలికి పెట్టుకుని తెడ్డు వేయించుకున్నారు. ఉత్తరాదిన గైడుతో వేట అనే వృత్తి అలా మొదలైంది.

ఆ వేట సాగే తీరు చూస్తే పడవవాడి విలువ తెలుస్తుంది. తానా పడవ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఎగువకు పోవాలంటే గెడ వేసి తోసేవారు, తర్వాతి కాలంలో మోటారు వచ్చింది. వేటకు దిగాక ముక్కు ఎగువకు పెట్టి, ప్రవాహం కన్నా కాస్త తక్కువ బలంతో తెడ్డు వేస్తారు. పడవ వెనక్కి నెమ్మదిగా జారుతూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, మళ్లీ ఇటు తిరుగుతుంది. అతిథి వెనక కూర్చుంటాడు, గాలపు తాళ్లు దిగువకు సాగుతాయి. పడవవాడి ముఖం అటువైపే ఉంటుంది కాబట్టి కర్ర వంగగానే అతడికి తెలిసిపోతుంది. నదిలోకి వచ్చిన సాల్మన్ తిండి మానేస్తుంది. ఆకలితో కాటు వేయదు. అందుకే ఎర ఏ రాతి వెనక, ఏ లోతులో, ఎంత నెమ్మదిగా దాని ముందు నుంచి పోవాలన్నదే అసలు విద్య. నీటిమట్టం అంగుళాల్లో మారినా చేప నిలిచే చోటు మారుతుంది. ఈ లెక్క పడవవాడి చేతుల్లో ఉంటుంది. పేరు మాత్రం కర్ర పట్టినవాడికి దక్కింది, ఇది న్యాయం కాదు.

1928లో హెన్రిక్ హెన్రిక్సెన్ తానాలో పట్టిన 36 కిలోల చేప, గాలానికి చిక్కిన అతి పెద్ద అట్లాంటిక్ సాల్మన్‌గా నేటికీ రికార్డుల్లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రోడ్లు వేశాక ప్రభువుల స్థానంలో మధ్యతరగతి పర్యాటకులు వచ్చారు. ఫిన్లాండ్ వైపు ఉత్స్‌యోకి చుట్టూ కుటీరాలు లేచాయి. స్థానిక కుటుంబాలు పడవ నడిపి, గదులు అద్దెకిచ్చి సంపాదించాయి.

పర్యాటకుల సంఖ్య పెరిగిన కొద్దీ, సముద్రంలోనూ నదిలోనూ సాల్మన్ తగ్గిన కొద్దీ, ఎవరి వేటకు కోత పెట్టాలన్న తగాదా ముదిరింది. 2017లో రెండు దేశాల మధ్య అమల్లోకి వచ్చిన ఒప్పందం వేట ఒత్తిడిని దాదాపు 30 శాతం తగ్గించాలని పెట్టుకుంది. సంప్రదాయ వలలకూ కోత పడింది. తమను అడగకుండానే రాసిన నిబంధనలు అంటూ కొందరు సామీలు ఆ వేసవిలోనే నదిలోని ఒక లంకలో నిరసనకు దిగారు. 2021లో రెండు ప్రభుత్వాలూ తానాలో సాల్మన్ వేటను పూర్తిగా నిషేధించాయి. తర్వాతి ఏళ్లలోనూ నిషేధం కొనసాగింది. మరోవైపు, సోవియట్ కాలంలో పసిఫిక్ నుంచి తెచ్చి రష్యా ఉత్తర నదుల్లో వదిలిన గులాబీ సాల్మన్ ఇప్పుడు బేసి సంవత్సరాల్లో ఇక్కడికి గుంపులుగా వస్తోంది.

నిషేధం చేపకు అవసరమే. కానీ తానాను నిలువునా తెలిసిన కుటుంబాలను నిర్ణయాల బయట ఉంచడం తప్పు. ఉత్స్‌యోకి ప్రాంతపు ఉపనదుల్లో నిబంధనలకు విరుద్ధంగా వేటాడారన్న కేసుల్లో 2022 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ సుప్రీంకోర్టు స్థానిక సామీలపై ఆరోపణలను కొట్టివేసింది. తమ ఊరి నదిలో వేటాడడం ఆదివాసులుగా వారికి రాజ్యాంగం రక్షించే హక్కు అని తీర్పు చెప్పింది.