చిన్న వ్యాపార సంస్థలలో కంప్యూటరు నెట్‌వర్కు

ఒక కార్యాలయములో గాని, దుకాణములో గాని ఉన్న కంప్యూటర్లు, ప్రింటర్లు, నిఘా కెమెరాలు మొదలగు వాటిని తీగల ద్వారా లేదా వైఫై ద్వారా ఒకదానితో ఒకటి కలుపు ఏర్పాటును స్థానిక నెట్‌వర్కు లేక లాన్ అందురు. చిన్న వ్యాపార సంస్థలలో ఇది సాధారణముగా ఎవరూ ప్రణాళిక వేయకుండానే పెరుగును. మొదట రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఇంటర్నెట్ కంపెనీ వారు బిగించిన రౌటరు ఉండును. తరువాత గోదాములో ఒక కంప్యూటరు, ఆపై కెమెరాలు, ఉద్యోగుల సెల్‌ఫోన్లు వచ్చి చేరును. ఇట్లు పెరిగిన నెట్‌వర్కులో ప్రతి పరికరమూ మిగిలిన అన్నింటినీ చేరగలదు. సంస్థ చిన్నదిగా ఉన్నపుడు సౌకర్యముగా తోచిన ఈ గుణమే అది పెరిగిన తరువాత ముఖ్యమైన లోపమగును.

నేపథ్యము

నేడు కార్యాలయములలో వాడుచున్న ఈథర్‌నెట్ పద్ధతిని 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలగువారు రూపొందించిరి. 1983లో ఇది ఐ.ఇ.ఇ.ఇ. ప్రమాణముగా వెలువడినది.

ప్రణాళిక

మొదట చేయవలసినది కొనుగోలు కాదు, లెక్క. ఏ పరికరము ఎక్కడ ఉన్నది, దానిని ఎవరు వాడుచున్నారు, దానిలో ఏ సమాచారము కలదు అను వివరములతో ఒక పటము గీయవలెను. ఈ పటమును కాగితముపై కూడా ఉంచుట మంచిది. కంప్యూటర్లు పని చేయనపుడే దాని అవసరము ఎక్కువ.

రాగి తీగతో వేయు ఈథర్‌నెట్ కేబులు పొడవు 100 మీటర్లకు మించరాదు. గోదాము అంతకన్న దూరములో ఉన్నచో మధ్యలో ఒక స్విచ్ ఉంచవలెను, లేదా ఆప్టికల్ ఫైబరు వేయవలెను. గోడలో గొట్టములు వేయునపుడే ఒకటి రెండు కేబుళ్ళు అదనముగా లాగి ఉంచినచో తరువాత గోడ పగులగొట్టు పని తప్పును.

అంతర్గత చిరునామాలకు 10, 172.16 నుండి 172.31 వరకు, 192.168 అను సంఖ్యలతో మొదలగు శ్రేణులను 1996లో ప్రత్యేకించిరి. ఇక్కడ చాలామంది చేయు పొరపాటు ఒకటి కలదు. రౌటరుతో వచ్చిన 192.168.1 శ్రేణినే కార్యాలయములో ఉంచెదరు. ఉద్యోగుల ఇండ్లలోని రౌటర్లలో కూడా తరచుగా అదే శ్రేణి ఉండును. తరువాత ఇంటి నుండి వి.పి.ఎన్. ద్వారా పని చేయవలసి వచ్చినపుడు రెండు చోట్లా ఒకే చిరునామాలు ఉండి చిక్కు ఏర్పడును. మొదటి రోజుననే 10.37.5 వంటి అరుదైన శ్రేణిని ఎన్నుకొన్నచో ఈ బాధ ఉండదు.

విభజన

1998లో వెలువడిన 802.1క్యూ ప్రమాణము ప్రకారము ఒకే స్విచ్‌పై ఉన్న పరికరములను వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీయవచ్చును. వీటిని వీలాన్‌లు అందురు. పద్దుల విభాగము, మిగిలిన ఉద్యోగులు, కెమెరాలు, అతిథుల వైఫై అను నాలుగు భాగములు చాలా సంస్థలకు సరిపోవును. అయితే విడదీసినంత మాత్రమున రక్షణ కలుగదు. ఆ భాగముల మధ్య ఏది ఏ దిశలో పోవచ్చునో ఫైర్‌వాల్‌లో నియమములు వ్రాయనిచో రౌటరు అన్నింటినీ మరల కలిపివేయును. వైఫైకి డబ్ల్యు.పి.ఎ.2 (2004) లేదా డబ్ల్యు.పి.ఎ.3 (2018) వాడవలెను. 1997 నాటి డబ్ల్యు.ఇ.పి. పద్ధతిలోని లోపము 2001లోనే బయటపడినది.

విభజన ఎందుకు అవసరమో 2013 చివరలో అమెరికాలోని టార్గెట్ దుకాణములపై జరిగిన దాడి తెలుపును. దుండగులు ఆ సంస్థకు శీతలీకరణ పనులు చేయు ఒక చిన్న గుత్తేదారు యొక్క లాగిన్ వివరములను దొంగిలించి లోపలికి ప్రవేశించిరి. అక్కడి నుండి నగదు కౌంటర్ల యంత్రముల వరకు చేరి సుమారు 4 కోట్ల కార్డుల వివరములు కాజేసిరి. 2017లో టార్గెట్ సంస్థ 47 రాష్ట్రములతో 1.85 కోట్ల డాలర్ల పరిష్కారమునకు ఒప్పుకొన్నది. "మా చిన్న సంస్థలో దొంగిలించుటకు ఏమున్నది" అని అడుగువారు ఆ గుత్తేదారును గుర్తుంచుకొనవలెను. పెద్ద ఖాతాదారులు గల ప్రతి చిన్న సంస్థా వారి ఇంటికి ఒక ద్వారమే.

పద్దుల రక్షణ

చిన్న సంస్థలకు ఎక్కువ నష్టము కలిగించునది రాన్‌సమ్‌వేర్. ఇది ఫైళ్ళను గూఢలిపిలోకి మార్చి, విడిపించుటకు సొమ్ము కోరును. 2017 మే 12న వ్యాపించిన వన్నాక్రై వలన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా నిలిచిపోయినవి. అది వాడుకొన్న లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, సవరణ విడుదల చేసినది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది కనుక దానిని వాడుచున్న యంత్రములను మార్చుకొనవలెను.

మన దేశములో చాలా దుకాణములలో పద్దుల సమాచారము మొత్తము ఒక ఉమ్మడి ఫోల్డరులో ఉండును. అందులో వ్రాయుటకు అందరికీ అనుమతి ఉండును. అప్పుడు ఏ ఒక్క కంప్యూటరుకు తెగులు సోకినా సంవత్సరముల లెక్కలు, జి.ఎస్.టి. పత్రములు, రావలసిన బాకీల వివరములు ఒక్క రాత్రిలో పోవును. కంప్యూటరుకు ఎల్లప్పుడు తగిలించి ఉంచిన బయటి డిస్కు కూడా దానితో పాటే పోవును. ఇంటర్నెట్‌లో దానంతట అదే నకలు చేయు ఫోల్డరు సైతము చెడిన ఫైలునే నకలు చేయును. పాత ప్రతులను విడిగా దాచు సౌకర్యము ఉన్నపుడే అది పనికివచ్చును. అందుచేత మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, ఒకటి కార్యాలయము వెలుపల ఉండవలెనని నిపుణులు చెప్పుదురు. ఒక ప్రతి నెట్‌వర్కు నుండి విడదీసి ఉండవలెను. నెలకొకసారి ఆ ప్రతి నుండి పద్దులను మరియొక కంప్యూటరులో తెరిచి చూడవలెను. చాలామంది వదిలివేయునది ఈ చివరి పనినే.

ఇంటి నుండి కార్యాలయపు కంప్యూటరును వాడుటకు రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచరాదు. వి.పి.ఎన్. మరియు రెండంచెల ధ్రువీకరణ ద్వారానే అనుమతించవలెను. ఉద్యోగి మానివేసిన రోజుననే అతని ఖాతాను మూసివేయవలెను.

చట్టము

భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశముల ప్రకారము నిర్దేశిత సైబరు సంఘటనలను తెలిసిన 6 గంటలలోగా తెలియజేయవలెను. నెట్‌వర్కు లాగ్‌లను 180 రోజులు భద్రపరచవలెను. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇవి 2022 సెప్టెంబరు 25 నుండి అమలులోనికి వచ్చినవి. ఇంటి వాడుకకు చేసిన చాలా రౌటర్లు విద్యుత్తు పోయినపుడు లాగ్‌లను కోల్పోవును. కావున లాగ్‌లను వేరొక కంప్యూటరుకు పంపగల రౌటరును కొనవలెను.