స్థానం నుంచి మస్తానమ్మ దాకా

ఒక తరం ఎవరిని చూసి మురిసిపోయిందో తెలిస్తే, ఆ తరం సాయంత్రాలు ఎలా గడిపిందో, చేతిలో డబ్బు దేనికి ఖర్చు పెట్టిందో కూడా తెలుస్తుంది. గుంటూరు, తెనాలి, ఒంగోలు చుట్టూ ఉన్న మన పత్తి, మిరప నేలలో ఈ లెక్క తీయడం తేలిక. గత నూరేళ్లలో తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకున్న వాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లే. వృత్తిరీత్యా ఇంజనీర్ని కాబట్టి నాకు ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ప్రతి తరం తారా మన ఊరికి ఒక కొత్త దారిన వచ్చింది.

పెట్రోమాక్స్ వెలుగులో

మన తాతల కాలంలో తార అంటే రంగస్థల నటుడు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో స్త్రీ పాత్రలతో పేరు పొందారు. సత్యభామ, చింతామణి, మధురవాణి ఆయన గొప్ప పాత్రలు. ఆయన చీరకట్టును ఆడవాళ్లే శ్రద్ధగా గమనించేవారని పెద్దలు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సుద్దపల్లికి చెందిన ఈలపాట రఘురామయ్య గారు శ్రీకృష్ణుడి వేషానికి పెట్టింది పేరు. ఆయనకు 1975లో పద్మశ్రీ వచ్చింది.

నాటకమంటే ఎడ్లబండ్లు కట్టుకుని, చాపలు చంకన పెట్టుకుని వెళ్లి తెల్లవార్లూ చూడటం. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అనేవారు, రాగం తప్పితే అక్కడికక్కడే తేల్చేసేవారు. మర్నాడు అరక దున్నే రైతు నోట అదే పద్యం వినపడేది. అంటే మెచ్చుకునేవాడికి కూడా కొంత విద్య ఉండేది.

ఆ రోజులన్నీ బంగారమని మాత్రం అనలేం. స్త్రీ పాత్రను మగవాడు అంత అందంగా పోషించాడని మెచ్చుకుంటున్నామంటే, మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల రంగస్థలం ఎక్కకూడదన్న కట్టుబాటు ఉండబట్టేనని మరిచిపోకూడదు.

కరెంటు, కాలువ, సినిమా

ఆ కట్టుబాటును సినిమా కొంత సడలించింది. తెనాలి ప్రాంతపు కాంచనమాల 1938 నాటి ‘మాలపిల్ల’తో ఆంధ్రదేశమంతా తెలిసింది. చిర్రావూరులో పుట్టిన సావిత్రి ‘దేవదాసు’ (1953), ‘మాయాబజార్’ (1957)లతో ప్రతి ఇంటి మనిషి అయింది. 1948 డిసెంబరులో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం పాటల్నీ నాటకాల్నీ పంచాయతీ రేడియో దాకా తెచ్చింది.

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లతో పంట, పంటతో రొక్కం, రొక్కంతో సినిమా టిక్కెట్టు. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులున్నా పాట వస్తే ఈల మాత్రం అందరిదీ ఒకటే. అదే 1967లో తెనాలి దగ్గర మోరంపూడికి చెందిన జగ్గయ్య గారు ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచారు. బుర్రిపాలెం బుల్లోడు కృష్ణ గారు 1974లో తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ తీశారు. గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగాన్ని కొద్ది వారాలకే వదిలేసిన ఎన్టీ రామారావు గారు 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటిదాకా తెర మీద చూసిన మనిషి చైతన్యరథం మీద మన ఊరి సెంటర్‌లోకే వచ్చాడు.

మన తరం పెరిగింది ఆ రోజుల్లోనే. అప్పుడు ఊళ్లో రెండు రకాల ప్రఖ్యాతి ఉండేది. ఒకటి దూరాన ఉన్న హీరోది, రెండోది దగ్గర ఉన్న మాస్టారిది. హీరో క్రాఫుతో బడికొచ్చినవాడికి ప్రేయర్ దగ్గరే బెత్తం రుచి తెలిసేది. ఆ మాస్టారు ఎదురైతే ఊరి మోతుబరి కూడా సైకిలు దిగేవాడు.

అరుగు మీద నుంచి అరచేతిలోకి

1987లో దూరదర్శన్ ‘రామాయణం’ మొదలైనప్పుడు టీవీ ఉన్న ఇంటి ముందు వీధంతా కూర్చుంది. హిందీ రాకపోయినా కథ తెలుసు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక ఎవరింట్లో వాళ్లు తలుపు వేసుకుని చూడటం మొదలైంది. నా దృష్టిలో పెద్ద మార్పు ఇదే. తారలు మారడం కన్నా, కలిసి చూడటం పోవడం ఎక్కువ నష్టం. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గర మాత్రం ఆ గుంపు ఇంకా మిగిలే ఉంది. ఆ ప్రభల మీదా ఇప్పుడు దేవుడి పక్కన హీరోల, నాయకుల బొమ్మలు వెలుగుతున్నాయి.

2016 తర్వాత ఫోన్‌లో ఇంటర్నెట్ చవకైంది. సరిగ్గా అప్పుడే తెనాలి ప్రాంతపు పల్లెలో నూరేళ్లు దాటిన మస్తానమ్మ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వంట చేస్తుంటే, మునిమనవడి వరస కుర్రాడు వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని కూలిపని చేసి పిల్లల్ని సాకిన ఆ అవ్వ వంటను లక్షల మంది చూశారు. 2018 డిసెంబరులో ఆమె పోతే విదేశీ పత్రికలు కూడా రాశాయి. మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల ఏ తెనాలి రంగస్థలం ఎక్కకూడదన్నారో, ఆ తెనాలి పక్క పల్లెలో ఒక కూలి అవ్వ ఇల్లు కదలకుండా లోకానికి తెలిసింది. కొత్త కాలాన్ని తిట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే ఫోన్ ఇచ్చే పేరుకు ఆయుష్షు తక్కువ. ఈ నెల అందరూ చూసినవాణ్ణి వచ్చే నెల ఎవరూ అడగరు. మెచ్చుకోవడానికి విద్య అక్కర్లేదు, వేలు కదిపితే చాలు. పక్కింటి మాస్టారి పేరు తెలియని పిల్లాడికి ఎక్కడో ఉన్న ఆటగాడి బూట్ల ధర తెలుసు.

రాతి మీద పేరు

మన అమరావతి స్తూపానికి పలకలు ఇచ్చిన వాళ్ల పేర్లు దాదాపు రెండు వేల ఏళ్ల నాడే బ్రాహ్మీ లిపిలో చెక్కారు. అందులో విధికుడనే చర్మకారుడు ఒకడు. కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించాడు. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఎంచుకున్న అధికార చిహ్నంలో ఉన్నది అమరావతి పూర్ణఘటమే. ఆ కాలపు ధనవంతుల్లో ఎందరి పేర్లో చెరిగిపోయాయి, తోలుపని చేసుకునే మనిషి పేరు నిలిచింది. ఇచ్చినదాన్ని రాసిపెట్టారు కాబట్టి నిలిచింది.

అందుకే పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. స్వర్ణోత్సవానికి ఎవరో సినిమా నటుణ్ణి పిలుద్దామన్న మాట వింటున్నాను. పిలుద్దాం, తప్పు లేదు, పిల్లలు సంతోషిస్తారు. కానీ ఆ ఖర్చులో కొంత తీసి, ఈ బడిలో పాఠం చెప్పిన ప్రతి గురువు పేరూ, గంట కొట్టిన అటెండరు పేరూ, తాగునీళ్ల కుండ నింపిన ఆయా పేరూ ఒక రాతి పలక మీద చెక్కిద్దాం. పాత హాజరు పట్టీలు చెదలు పట్టకముందే, పెద్ద మాస్టార్లు మన మధ్య ఉండగానే ఆ జాబితా తయారు చేసుకోవాలి. మీకు గుర్తున్న పేర్లు సంఘానికి రాసి పంపండి.